తుంగభద్రలో మునిగిపోయిన ముత్తాత మరణం ఏ రికార్డులో దొరుకుతుంది?

ఏటిగట్టు: మా జేజి వాళ్ల నాయన కర్నూలు దగ్గర తుంగభద్రలో పుట్టి నడిపేవాడు, వెదురు అల్లి తోలు కప్పిన గుండ్రటి పుట్టి, అవతలి ఒడ్డుకు పోయే మనుషుల్నీ జొన్న మూటల్నీ దాటించేవాడు. ఆంగీరస సంవత్సరం శ్రావణ అమావాస్య నాడు ఏరు పొంగి పుట్టి తిరగబడిందని, శవం దిగువన అలంపురం వైపు ఒడ్డున దొరికిందని జేజి చెప్పేది. కర్నూలు టౌన్లో పాత పుస్తకాలు వెతికించాను, ఆ పేరే లేదన్నారు. ఆయన పేరు ఒక్క కాగితం మీదన్నా చూడాలని ఉంది. ఎక్కడ అడగాలి?

పాత దస్త్రం: ముందు తేదీ తేల్చుకోండి. ఆంగీరస అంటే 1932-33, అందులో శ్రావణ అమావాస్య 1932 ఆగస్టు 31న వచ్చింది. తిథి చెబితే ఆఫీసులో ఎవరూ వెతకరు. సెప్టెంబర్ ఆఖరు వరకూ చూడమనండి, శవం దొరికిన రోజో, ఊరి మునసబుకు చెప్పిన రోజో రాసి ఉండొచ్చు. ఇంకోటి, ఆయన పల్లె మనిషైతే టౌన్ పుస్తకాల్లో ఎందుకుంటాడు? 1984లో మునసబు, కరణం ఉద్యోగాలు తీసేశారు కాబట్టి ఆ ఊరి పాత రిజిస్టర్ల గురించి తహశీల్దార్ ఆఫీసులో అడగాలి.

కందనవోలు: అన్నా, శవం ఏ ఒడ్డున దొరికిందన్నదే ఇక్కడ ముఖ్యం. అప్పట్లో ఏరే సరిహద్దు, ఇటు కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీ, అటు అలంపురం నిజాం రాజ్యం. జేజి చెప్పింది నిజమైతే పంచనామా అటువైపు పోలీసులే రాసి ఉంటారు, అదీ ఉర్దూలో. ఇటు ఎంత వెతికినా దొరక్కపోవచ్చు. హైదరాబాద్ తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, నిజాం కాలం కాగితాలు అక్కడున్నాయి. ఒక మనిషి కాగితం దొరకడం కష్టమే, కానీ నేనైతే అడక్కుండా వదలను.

రాళ్లసీమ బిడ్డ: 2009 అక్టోబర్ వరదకు కర్నూలు ఎట్లా మునిగిందో చూసినోళ్లం కదా. ఇక్కడ రిజిస్టర్ లేదంటే అది ఎప్పుడూ లేనట్టా, నీళ్లలో పోయినట్టా అని గట్టిగా అడగండి, రాతపూర్వకంగా ఇమ్మనండి. ఈలోగా ఆయనతో పుట్టి నడిపిన ఇళ్ల ముసలోళ్లను కలవండి. ఊళ్లో పిలిచే పేరు ఒకటి, రాతలో పేరు ఇంకొకటి ఉంటుంది.

ఏటిగట్టు: అందరికీ థాంక్స్. అవతలి ఒడ్డు సంగతి నాకు తట్టనే లేదు. ఊరు సుంకేసులకు దిగువన, సోమవారం తహశీల్దార్ ఆఫీసుకు పోతున్నా. పాత ఉర్దూ చేతిరాత చదివేవాళ్లు కర్నూల్లో ఎవరన్నా తెలిస్తే మెసేజ్ పెట్టండి.