పాత గోడ, కొత్త గోడ కలిసేచోట పగులు: పుట్టీ ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న:
పాత ఇంటికి ఆనించి గది కట్టి రెండేళ్లయింది. రెండు గోడలూ కలిసేచోట నేల నుంచి స్లాబు దాకా నిలువు పగులు వచ్చింది. కింద 1 మి.మీ., పైన 3 మి.మీ. ఉంది. పుట్టీ పెట్టి రంగు వేసినా అదే గీత మళ్లీ తేలుతోంది. వానాకాలంలో లోపల చెమ్మ కూడా. చెక్కించి, మెష్ (జాలీ) కొట్టించి ప్లాస్టరింగ్ చేయిస్తే ఆగుతుందా?

జవాబు 1:
ఇప్పుడే మెష్ వద్దండి. పాత పునాది కింద మట్టి ఎప్పుడో అణిగిపోయింది, కొత్తదాని కింద ఇంకా అణుగుతూ ఉండొచ్చు. పైన వెడల్పుగా ఉందంటే కొత్త గది అవతలికి ఒరుగుతోందేమో చూడాలి. పగులుకు అటొక స్క్రూ, ఇటొక స్క్రూ బిగించి, వాటి మధ్య దూరం నెలకోసారి పొద్దున పూటే సన్నని కొలతలు తీసే వెర్నియర్‌తో కొలవండి. కింద ఒక జత, పైన ఒక జత. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచేదాకా రాసుకోండి. బంకమట్టి నేలైతే తడికి ఉబ్బి, ఎండకి కుంచించుకుపోతుంది కాబట్టి అంకె అటూ ఇటూ ఊగుతుంది. ఒకే దిక్కుకు పెరుగుతూ పోతే మాత్రం అసలు పని పునాది దగ్గరే. పగులు 5 మి.మీ. దాటినా, ఒక గోడ రెండోదానికంటే ముందుకొచ్చినా, తలుపులు పట్టేస్తున్నా స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు చూపించండి.

జవాబు 2:
కదలిక కొద్దిపాటిదే అయితే ఆ గీతను కదిలే జాయింటుగానే వదిలేయాలి. పుట్టీ, సిమెంటు సాగవు, అందుకే విరుగుతాయి.

గ్రైండర్‌తో పగులు వెంబడి 12 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. లోతు గాడి తీయండి. దుమ్ము బ్రష్‌తో, గాలితో పూర్తిగా పోవాలి. సీలెంట్ (జాయింటు నింపే, సాగే పదార్థం) ఊడొచ్చేది ఎక్కువగా దుమ్ము మీద నుంచే. 15 మి.మీ. లావు ఫోమ్ తాడు, అంటే బ్యాకర్ రాడ్‌ను 6 మి.మీ. లోపలికి నొక్కండి. గాడి కంటే కాస్త లావుగా ఉంటేనే అది బిగుతుగా నిలుస్తుంది. అంచులకు ప్రైమర్, దానిపై పాలీయూరిథేన్ సీలెంట్. లోతు వెడల్పులో సగమే ఉండాలి. రాడ్ లేకుండా నింపితే సీలెంట్ అడుగునా అంటుకుని, సాగే వీలు లేక చిరుగుతుంది. రంగు వేయాలంటే మామూలు సిలికాన్ వాడొద్దు, దానిమీద రంగు పట్టదు. మరీ ఎండలోనో మరీ చలిలోనో కాకుండా, నడిమి వాతావరణంలో చేయించండి.

జవాబు 3:
చెమ్మ సంగతి ముందు చూడాలి. నీళ్లు చాలావరకు డాబా మీద రెండు స్లాబులూ కలిసేచోట దిగుతాయి. అక్కడ కూడా రాడ్, సీలెంట్ వేసి, పైన 200 మి.మీ. వెడల్పు వాటర్‌ప్రూఫింగ్ మెంబ్రేన్ (నీరు దిగనివ్వని పొర) అతికించండి. జాయింటు మీద మెంబ్రేన్‌ను బిగలాగకుండా కాస్త వదులుగా మడత పెట్టాలి. పిట్టగోడలోనూ ఆ గీత ఉంటే మరిచిపోవద్దు. డాబా గొట్టం నీళ్లు కొత్త పునాది పక్కనే పడుతుంటే దూరంగా మళ్లించండి. లేకపోతే మట్టి నాని కుంగుతూనే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
మరి మెష్ ఎప్పుడు? లోపల సీలెంట్ గీత కనిపించకుండా చేయొచ్చా?

జవాబు 2:
కొలతలు మారడం ఆగిపోయాక, అదీ రెండు గోడలనూ కలిపే ఇటుకల కట్టు గానీ ఇనుప రాడ్లు గానీ ఉంటేనే మెష్. పగులుకు ఇరువైపులా 150 మి.మీ. ప్లాస్టర్ తీసేసి, మెష్ బిగించి, 1:4 సిమెంటు–ఇసుకతో పూసి, ఏడు రోజులు తడపాలి. మీ ఇంట్లో లోపల సీలెంట్ మీద అల్యూమినియం పట్టీ వేస్తే సరి. స్క్రూలు ఒక గోడకే బిగించండి, రెండు వైపులా బిగిస్తే పట్టీ వంగిపోతుంది.