‘కంట్రిబ్యూటర్ స్థాయి’ ఎక్స్‌ఎస్‌ఎస్ అంటే కొన్నాళ్లు ఆగవచ్చా?

సంచిక_సైటు:
మా సాహిత్య పత్రిక సైటు వర్డ్‌ప్రెస్ మీద నడుస్తుంది. సాంకేతిక పనంతా నాదే. మేము వాడే స్లైడర్ ప్లగిన్‌లో ‘కంట్రిబ్యూటర్, ఆపై స్థాయి లాగిన్‌తో స్టోర్డ్ క్రాస్ సైట్ స్క్రిప్టింగ్’ (ఎక్స్‌ఎస్‌ఎస్, అంటే ఎవరో సైటులో దాచిన స్క్రిప్టు ఆ పేజీ తెరిచినవారి బ్రౌజర్‌లో నడిచే లోపం) ఉందని స్కానర్ హెచ్చరించింది. తీవ్రత పదికి 6.4, మధ్యస్థం. పరీక్షా సైటులో కొత్త వెర్షన్ వేసి చూస్తే స్లైడర్లన్నీ వేలెడంత వెడల్పుకు కుదించుకుపోయాయి. ప్రత్యేక సంచిక వెలువడేదాకా పాత వెర్షన్‌తోనే నెట్టుకురావచ్చా? మా కంట్రిబ్యూటర్లందరూ రచయితలే, వారిలో ఇలాంటి పని చేసేవారు ఎవరుంటారు? అసలు ఇలాంటి స్క్రిప్టుతో ఒక అలర్ట్ పెట్టె తెరపైకి తెస్తే ఎవరికి ఏమి ఒరుగుతుంది?

గోడకట్టు:
ఫైర్‌వాల్ ప్లగిన్ ఒకటి వేసి, కంటెంట్ సెక్యూరిటీ పాలసీ (ఏ స్క్రిప్టులను నడపాలో బ్రౌజర్‌కు చెప్పే నియమాలు) పెట్టండి. సంచిక పని చూసుకోండి.

కోడ్_చదువరి:
గోడకట్టు గారి మాటతో నాకు పేచీ ఉంది. వర్డ్‌ప్రెస్ థీములు, ప్లగిన్లు పేజీ నిండా ఇన్‌లైన్ స్క్రిప్టులు (పేజీలోనే నేరుగా రాసిన కోడ్) చల్లుతాయి. సైటు పని చేయాలంటే ఆ పాలసీలో వాటిని అనుమతించే ‘అన్‌సేఫ్ ఇన్‌లైన్’ చేర్చక తప్పదు. అది చేర్చిన మరుక్షణం ఇక్కడి దాడికి దారి మళ్లీ తెరుచుకుంటుంది. ఫైర్‌వాల్ కొన్నిటిని ఆపుతుంది, కాదనను. దాని భరోసాతో పాత కోడ్‌ను ఉంచుకోవడమే నాకు మింగుడుపడదు.

సంచిక గారూ, రాసేది ఎవరని మీరు ఆలోచిస్తున్నారు. ఆ పేజీని తెరిచేది ఎవరని అడగండి. కంట్రిబ్యూటర్ సొంతంగా ప్రచురించలేడు, సమీక్షకు పంపుతాడు. మీరు అడ్మిన్‌గా లాగిన్ అయి ప్రివ్యూ నొక్కుతారు. స్క్రిప్టు నడిచేది అప్పుడే, మీ బ్రౌజర్‌లో, మీ అధికారంతో. లాగిన్ కుకీకి హెచ్‌టీటీపీ ఓన్లీ రక్షణ ఉంది కాబట్టి స్క్రిప్టు దాన్ని చదవలేదు, నిజమే. చదవాల్సిన అవసరమూ లేదు. కొత్త యూజర్‌ను చేర్చే పేజీని తెర వెనుక తెప్పించుకుని, అందులోని నాన్స్‌ను (అభ్యర్థన అసలైనదని చూపే రహస్య సంకేతం) తీసుకుని, మరో అడ్మిన్‌ను సృష్టించే అభ్యర్థన పంపితే చాలు. సర్వర్ దృష్టిలో ఆ పని చేసింది మీరే. అలర్ట్ పెట్టె పరిశోధకులు రుజువు కోసం చూపేది, దొంగ దాని జోలికే పోడు.

‘కంట్రిబ్యూటర్ రాసిన స్క్రిప్టు ట్యాగులను వర్డ్‌ప్రెస్ వడకట్టేస్తుంది కదా’ అంటారేమో. వడకడుతుంది. కానీ షార్ట్‌కోడ్‌లో (ప్లగిన్‌ను పిలవడానికి రచనలో చదరపు బ్రాకెట్లలో రాసే గుర్తు) వెడల్పు విలువగా రాసిన అక్షరాలు ఆ దశలో హెచ్‌టీఎంఎల్ కావు, అందుకే జల్లెడలోంచి జారిపోతాయి. వాటిని తరువాత హెచ్‌టీఎంఎల్‌గా మార్చేది ప్లగిన్. ఇలాంటి ప్లగిన్లలో నేను తరచూ చూసే పొరపాటు ఒకటుంది: విలువను ‘శానిటైజ్ టెక్స్ట్ ఫీల్డ్’ అనే వర్డ్‌ప్రెస్ ఫంక్షన్ గుండా పంపి, పని అయిపోయిందనుకుంటారు. అది ట్యాగులను తీసేస్తుంది, కొటేషన్ గుర్తును మాత్రం వదిలేస్తుంది. ఆ ఒక్క గుర్తుతో ఆట్రిబ్యూట్‌ను (ట్యాగులో ఆ విలువ ఉండే చోటు) మూసేసి, పక్కనే మౌస్ పైకి రాగానే కోడ్ నడిపే ‘ఆన్‌మౌస్‌ఓవర్’ రాసుకోవచ్చు. ముద్రించే చోట కొటేషన్ గుర్తులను నిర్వీర్యం చేసే ‘ఎస్క్ యాట్ర్’ వాడి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

ఆలస్యం సంగతి. 2023 మే నెలలో అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ ప్లగిన్ లోపం వివరాలు బయటికి వచ్చిన ఒక్క రోజులోనే దాడి ప్రయత్నాలు మొదలయ్యాయి. లైట్‌స్పీడ్ క్యాష్ ప్లగిన్‌లోని సీవీఈ-2023-40000 అనే నమోదిత లోపానికి 2023 అక్టోబరులోనే మరమ్మతు వచ్చింది. అయినా 2024లో పాత వెర్షన్లున్న సైట్లలోకి దొంగ అడ్మిన్లు చొరబడ్డారు. ఆ రెండూ మీ లోపం లాంటివి కావు, వాటికి కంట్రిబ్యూటర్ లాగిన్ అక్కర్లేదు. మీ విషయంలో దాడి చేసేవాడికి ఒక రచయిత పాస్‌వర్డ్ కావాలి. వారిలో ఏ ఒక్కరూ అదే పాస్‌వర్డ్‌ను ఇంకెక్కడా వాడలేదని మీరు పూచీ పడగలరా? సెట్టింగుల్లో ‘ఎవరైనా నమోదు కావచ్చు’ అన్నది ఎలా ఉందో కూడా ఇప్పుడే చూడండి.

స్లైడర్లు కుదించుకుపోవడం గురించి ఒక అనుమానం: మీ షార్ట్‌కోడ్‌లలో వెడల్పు ‘100%’ అని ఉందా?

సంచిక_సైటు:
అవును, అన్నిటిలో అంతే. నమోదు తలుపు తెరిచే ఉంది, కొత్తవారికి కంట్రిబ్యూటర్ హోదా. రచనలు పంపడానికి వీలుగా పాత నిర్వాహకులు పెట్టిన ఏర్పాటట. ఇప్పుడే మూసేశాను.

కోడ్_చదువరి:
అయితే మీ వాళ్లందరూ తెలిసినవారే అన్న లెక్క చెల్లదు. కొత్త వెర్షన్ వెడల్పును పూర్ణాంకంగా మారుస్తున్నట్టుంది. ‘100%’లో శాతం గుర్తు రాలిపోయి, వంద పిక్సెళ్లు మిగిలాయి. అంటే మీ పేజీని చెదరగొట్టింది ఆ మరమ్మతే. షార్ట్‌కోడ్‌లలోంచి వెడల్పు తీసేసి, థీమ్ సీఎస్‌ఎస్‌లో (పేజీ రూపురేఖల కోడ్) ఇవ్వండి.

అప్‌డేట్ చేశాక అడ్మిన్ల జాబితా, థీమ్ ఫంక్షన్ల ఫైలు, షెడ్యూల్ చేసిన పనులు, మీకు తెలియని ప్లగిన్లు చూడండి. స్క్రిప్టు ఇప్పటికే ఒకసారి నడిచి ఉంటే, అది నాటినవి అప్‌డేట్‌తో పోవు. పెండింగ్ రచనల్లోను, రివిజన్లలోను ఆ షార్ట్‌కోడ్ కోసం డేటాబేస్‌లో వెతకండి, ప్రివ్యూ మాత్రం నొక్కవద్దు. కాన్ఫిగ్ ఫైలులోని రహస్య కీలు మారిస్తే పాత లాగిన్లన్నీ రద్దవుతాయి.

సంచిక_సైటు:
సీఎస్‌ఎస్‌తో స్లైడర్లు కుదురుకున్నాయి, అప్‌డేట్ అసలు సైటులోనూ పెట్టేశాను. అడ్మిన్లలో కొత్తవారు లేరు. కాకపోతే సంపాదకుడు గారు రచనలు చదివేది అడ్మిన్ ఖాతాతోనే. ఆయనకు ఎడిటర్ హోదా ఇస్తే సరిపోతుందా?

కోడ్_చదువరి:
రచనల పనికి అది చాలు. అలాంటి స్క్రిప్టు ఆయన బ్రౌజర్‌లో నడిచినా కొత్త అడ్మిన్‌ను సృష్టించజాలదు. కానీ టపాలను మార్చగలదు, వాటిలో మరో స్క్రిప్టు పెట్టగలదు, అది మీరు తెరిచేదాకా కాచుకుని ఉండగలదు. అందుకని మీరు కూడా అడ్మిన్ ఖాతాను అప్‌డేట్ల వేళకే ఉంచుకోండి.