డెబ్బై దాటిన నాన్నకు మందు మాన్పించాలా?

విశాఖ_చిన్నోడు: నాన్నకు 72. ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరయ్యారు. రోజూ రాత్రి క్వార్టర్ పడాల్సిందే. మొన్న బాత్రూమ్‌లో పడ్డారు. డాక్టర్ అడ్మిట్ చేసి మాన్పిద్దామంటున్నారు. పెదనాన్నేమో "ఈ వయసులో మాన్పిస్తే మనిషి దక్కడు" అంటున్నారు.

పాతకాపు: ఆయన చెప్పిందే నిజం. మా బాబాయి వయసంతా తాగాడు, రాయిలా ఉన్నాడు. కొడుకులు సీసాలు పారబోసి ఉన్నపళంగా మాన్పించారు. మూడో రోజు గోడ మీద పాములున్నాయని కేకలు. వారం తిరక్కుండా పోయాడు.

వార్డు_సిస్టర్: మాన్పించినందుకు కాదు సార్, మందుల్లేకుండా ఇంట్లోనే ఆపినందుకు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత ఆ పాములు కనిపించే స్థితి. అందుకే వార్డులో ఉంచేది. ఫిట్స్ రాకుండా, మనిషి కుదుటపడేలా ఇచ్చే మత్తు మందుల్లో పెద్దవాళ్లకు ఎక్కువగా లొరాజిపామ్ వాడతారు, డయాజిపామ్ అయితే ఒంట్లో పేరుకుపోయి మత్తు త్వరగా దిగదు. గ్లూకోజ్ ఎక్కించేలోపే థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ పడాలి.

కూకట్‌పల్లి_వాసి: క్వార్టరంటే 180 ఎం.ఎల్. అదేం తాగుడండీ?

వార్డు_సిస్టర్: వయసు మీద పడితే ఒంట్లో నీరు తగ్గుతుంది. అదే క్వార్టర్‌కు రక్తంలో ఆల్కహాల్ ఎక్కువవుతుంది. పైన బీపీ మాత్రలు, నిద్ర మాత్రలు.

కూకట్‌పల్లి_వాసి: ఏ బ్రాండో చెప్పకుండా ఎలా?

కరీంనగర్_కోడలు: మజ్జిగలో మాత్ర కలిపి ఇవ్వండి, తెలియనివ్వకండి. మా మామయ్యకు అలాగే ఇచ్చాం. వాంతులై, భయపడి మానేశారు.

వార్డు_సిస్టర్: దయచేసి అలా చేయొద్దు! అది డైసల్ఫిరామ్ అయ్యుంటుంది. అది ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోతుంది, గుండె జబ్బుంటే ప్రాణం మీదికొస్తుంది. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ లాంటివి ఉన్నాయి, లివర్ టెస్టు చూసి రాస్తారు. ఏదైనా ఆయన ఒప్పుకుంటేనే.

కరీంనగర్_కోడలు: ఒప్పుకుంటేనేనా? అర్ధరాత్రి దుప్పట్లు ఉతికేది మీరా? మా ఒప్పుదల ఎవరైనా అడిగారా?

పాతకాపు: చూశారా, మీక్కావాల్సింది ఆయన ఆరోగ్యం కాదు, మీ నిద్ర.

కరీంనగర్_కోడలు: అవును, నిద్రే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించింది మొగుళ్ల లివర్ కోసమా?

పాతకాపు: 95లో నిషేధం పెట్టి 97లో ఎత్తేశారు. మధ్యలో మా ఊళ్లో ఎవడు మానాడు? జీవితమంతా స్టీరింగ్ పట్టుకున్న మనిషమ్మా, ఆయనకు మిగిలింది ఆ గంటే.

విశాఖ_చిన్నోడు: ఒక మాట రాయలేదు. ఆ రోజు నాన్నను ఒంటరిగా లేవనెత్తింది అమ్మే, నడుం పట్టేసి మంచానపడింది. ఇక మాన్పించొద్దంటున్న పెదనాన్న రోజూ ఆ గంటా పక్కన గ్లాసు పట్టుకుని కూర్చునే మనిషి.

కరీంనగర్_కోడలు: ఇప్పుడర్థమైంది ఆయన బాధేంటో.

పాతకాపు: అన్నదమ్ములన్నాక కూర్చోరా?

వార్డు_సిస్టర్: చిన్నోడు గారూ, 14446కు ఫోన్ చేస్తే మీ దగ్గర్లో డీఅడిక్షన్ సెంటర్ ఎక్కడుందో చెబుతారు. అమ్మగారి నడుం కూడా చూపించండి. పెదనాన్న గారి వయసెంత?