ప్రైవేటు భూముల్లోని చిన్న మట్టికట్టలు: భారం యజమాని ఒక్కడిదేనా?

చర్చ ప్రారంభించినవారు:

సొంత భూమిలో వాననీటిని నిలుపుకోవడానికి కట్టుకున్న చిన్న మట్టికట్టల గురించి ఈ చర్చ. ఐదారు మీటర్ల ఎత్తుకు మించని కట్టలకు కూడా ఇంజనీరు తనిఖీ తప్పనిసరి చేయాలని కొందరు, అది యజమానులను అనవసరంగా ఇబ్బంది పెట్టడమేనని మరికొందరు వాదిస్తున్నారు. మరమ్మతుల ఖర్చు ఎవరు భరించాలన్నది దీనితో ముడిపడిన రెండో ప్రశ్న. అనుభవం ఉన్నవారు తమ అభిప్రాయం రాయగోరుతున్నాను.

ఒక కట్ట యజమాని:

మా కట్ట ఎత్తు ఐదు మీటర్లు. మా తండ్రిగారి హయాం నుంచి ఒక్కసారి కూడా గండి పడలేదు. బయటి వాలు మీద పెరిగిన చెట్లను కొట్టేయమంటున్నారు. ఆ వేళ్లే మట్టిని పట్టి ఉంచుతున్నాయని నా నమ్మకం. కట్ట అడుగున ఒకచోట ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది, అదీ ఏళ్లుగా అలాగే ఉంది. అన్నిటికన్నా నన్ను బాధిస్తున్నది మరొకటి. కట్ట వేసిన నాడు దిగువన పొలాలే ఉండేవి, ఇళ్లు తర్వాత వచ్చాయి. వాటికి అనుమతులిచ్చినవారిని వదిలేసి, ముందు నుంచీ ఉన్న నన్ను ఖర్చు పెట్టమనడం ఏం న్యాయం?

కట్టల తనిఖీలో పనిచేసిన ఇంజనీరు:

మీ చివరి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందులో న్యాయం ఉంది. దిగువన ఇళ్లు వెలసిన కారణంగా అలుగును, అంటే ఎక్కువైన నీరు పొర్లిపోయే దారిని, మరింత పెద్ద వరదకు సరిపడేలా వెడల్పు చేయవలసి వస్తే, ఆ అదనపు ఖర్చులో అనుమతులిచ్చిన ప్రభుత్వం కూడా వాటా భరించాలని నేనూ అంటాను. కానీ గడ్డి కోయించడం, బొరియలు పూడ్చడం, అలుగుకు అడ్డుపడిన చెత్త తీయించడం, తూము తలుపు ఏటా ఒకసారైనా తిప్పి చూడడం దిగువన ఒక్క ఇల్లు లేకపోయినా చేయవలసిన పనులే. నీటిని పోగుచేసి పెట్టినవాడే దానికి జవాబుదారీ అన్న సూత్రం నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులో ఒక మిల్లు యజమాని కట్టించుకున్న జలాశయం నుంచి నీరు పాత గనిదారుల గుండా పొరుగువారి గనిలోకి దిగినప్పుడు, ఆయన స్వయంగా నిర్లక్ష్యం చేసినట్టు రుజువు కాకపోయినా నష్టపరిహారం ఆయనే ఇవ్వాలని 1868లో అక్కడి అత్యున్నత న్యాయపీఠం తీర్పు చెప్పింది. రైలాండ్స్ - ఫ్లెచర్ కేసుగా న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ దాన్ని చదువుకుంటారు.

ఇక ఎత్తు సంగతి. చట్టాలు చాలావరకు ఎత్తునో నీటి పరిమాణాన్నో బట్టి గీత గీస్తాయి. భారతదేశపు 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లు దాటినవాటికి, కొన్ని షరతుల మేరకు 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటికి వర్తిస్తుంది. బ్రిటన్‌లో 1975 చట్టం 25,000 ఘనపు మీటర్ల దగ్గర గీత గీయగా, వేల్స్ 2016లో దాన్ని 10,000కు దించింది. ఆ గీతకు దిగువన ఉన్నంత మాత్రాన కట్ట నిరపాయమైనదని అర్థం కాదు. దిగువన ఎవరు నిద్రపోతున్నారన్నదే అసలు కొలమానం కావాలని నా అభిప్రాయం. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక విద్యాసంస్థకు చెందిన కెల్లీ బార్న్స్ మట్టికట్ట 1977 నవంబరు 6 తెల్లవారుజామున తెగి 39 మంది చనిపోయారు. 2018 మే 9న కెన్యాలోని సోలాయ్ వద్ద ఒక ప్రైవేటు వ్యవసాయ క్షేత్రంలోని కట్ట తెగి 40 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. హవాయిలోని కా లోకో కట్ట 2006 మార్చి 14న తెగి ఏడుగురు మరణించారు. అలుగు పూడ్చివేతకు గురికావడం వల్ల నీరు కట్ట మీదుగా పొర్లి ఉంటుందని, ప్రభుత్వం కూడా తన తనిఖీ బాధ్యతను నిర్వర్తించలేదని స్వతంత్ర విచారణ ఎత్తిచూపింది. అక్కడ తప్పు యజమానిదీ ప్రభుత్వానిదీ, ప్రాణాలు మాత్రం దిగువనున్నవారివి.

మట్టికట్ట రాత్రికి రాత్రి పాడవదు. అందుకే ఇన్నేళ్లు నిలిచిందన్న వాదన నాకు ధైర్యం ఇవ్వదు. కట్ట గుండా వేసిన ఇనుప గొట్టం కొన్ని దశాబ్దాలకు తుప్పు పట్టి చిల్లులు పడుతుంది, దాని పక్కనే నీరు దారి చేసుకుంటుంది. చెట్టు బతికి ఉన్నన్నాళ్లు వేళ్లు మట్టిని పట్టుకుంటాయన్నది కొంతవరకు నిజమే. అది చచ్చాక అవే వేళ్లు కుళ్లి, కట్టలో గొట్టాల్లాంటి ఖాళీలు మిగులుతాయి. గాలివానకు కూకటివేళ్లతో కూలితే కట్ట వెడల్పులో పెద్ద ముక్కే ఊడిపోతుంది. పైగా పొదల నీడలో కొత్త ఊట, ఎలుకల బొరియ కంటికి కనిపించవు.

మీరన్న చెమ్మను ముందుగా చూడండి. ఆ ఊట నీటిని గాజు సీసాలో పట్టి, రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున అడుగున మట్టి పేరుకుందేమో చూడండి. నీరు తేటగా ఉండి, ఏటా ఒకే నీటిమట్టం దగ్గర ఒకే మోతాదులో వస్తుంటే కనిపెట్టుకుని ఉంటే చాలు. మట్టి పేరుకుంటే కట్ట లోపలి నుంచి కొట్టుకుపోతున్నదని, బుంగ పడుతున్నదని అర్థం. ఆ రోజే ఇంజనీరును పిలవాలి, దిగువవారికి చెప్పాలి.

కట్ట యజమాని:

సీసా పరీక్ష రేపే చేస్తాను. ఈలోగా ఆ చోట బంకమట్టి గట్టిగా దట్టించి, చెట్లన్నీ ఒకేసారి వేళ్లతో పెకలించి వేయిస్తే సరిపోతుందా?

ఇంజనీరు:

రెండూ వద్దు. బయటివైపు ఊటను బంకమట్టితో మూస్తే నీటి ఒత్తిడి లోపల పెరిగి, మరో బలహీనమైన చోట తన్నుకొస్తుంది. నీరు బయటికి రావాలి, మట్టి రాకూడదు. అందుకే ఊట మీద ముందు శుభ్రమైన ఇసుక, దాని మీద కంకర పరుస్తారు. చెట్లలో చిన్నవాటిని నేలమట్టానికి కొట్టించవచ్చు. మొదలు లావెక్కినవాటిని మాత్రం ఇంజనీరు సమక్షంలో, నీటిమట్టం తగ్గించాకే, వేరుముద్దతో సహా తీసి, ఆ గుంతను పలుచటి పొరలుగా మట్టి వేసి దిమ్మిస చేయించాలి. ఆ నీటిని కూడా ఒక్కరోజులో వదిలేయకండి. మట్టం హఠాత్తుగా పడిపోతే, నానిన లోపలి వాలు ఆసరా కోల్పోయి జారిపోతుంది. తూము కొద్దిగా తెరిచి, రోజూ ఎంత దిగుతున్నదో గుర్తు పెట్టుకుంటూ, చాలా రోజుల మీద దించండి.