రిపీటర్ వినిపిస్తోంది, నా పిలుపు మాత్రం అందట్లేదు

ప్రశ్న:
హామ్ రేడియోకి వీయూ3 కాల్‌సైన్ (గాల్లో నన్ను గుర్తించే పేరు) ఈ మధ్యే వచ్చింది. బావోఫెంగ్ యూవీ-5ఆర్ చేతి సెట్‌లో 145.600 మెగాహెర్ట్జ్ పెడితే రిపీటర్ (అందిన సిగ్నల్‌ని మళ్లీ దూరానికి పంపే స్టేషన్) మీద అందరి మాటలూ శుభ్రంగా వినిపిస్తున్నాయి. పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కి పిలిస్తే ఒక్కరూ పలకరు. సెట్ పాడైందా? అలాగే మా తమ్ముడు హామ్ పరీక్ష రాస్తానంటున్నాడు, మోర్స్ కోడ్ రావాలా?

జవాబు 1:
సెట్‌కేం కాలేదండీ. మీరు 145.600 మీదే మాట్లాడుతున్నారు, రిపీటర్ చెవి 145.000 మీద ఉంటుంది. ముందు ఫ్రీక్వెన్సీ మోడ్‌కి రండి. మెనూ 7 (టీడీఆర్, అంటే రెండు ఫ్రీక్వెన్సీలు వంతులవారీగా వినడం) ఆపెయ్యండి, లేదంటే ఒక్కోసారి తెర మీది రెండో లైన్ ఫ్రీక్వెన్సీ మీద ట్రాన్స్‌మిట్ అవుతుంది. మెనూ 25లో మైనస్, 26లో 00.600 (రిపీటర్ వినేది అంత తక్కువలో కాబట్టి), 13లో మీ రిపీటర్ టోన్ (మాటతో పాటు వెళ్లే గుర్తు స్వరం) పెట్టండి. టోన్ లేకపోతే రిపీటర్ తలుపు తెరవదు. మెనూ 11 (వినేటప్పటి టోన్) జోలికి వెళ్లకండి, అక్కడ తప్పు టోన్ పడితే ఇప్పుడు వినిపిస్తున్నది కూడా ఆగిపోతుంది.

మెమరీలో దాచేటప్పుడు చాలామంది తడబడేది ఇక్కడే. మెనూ 27తో ఛానెల్‌లో పెడితే రిసీవ్ మాత్రమే దాగుతుంది. బయటికొచ్చి 145.000 కొట్టి, మళ్లీ 27లో అదే ఛానెల్ నంబరుకి దాచాలి. ఆ ఛానెల్‌లో పాతదేదైనా ఉంటే ముందు 28తో తీసెయ్యండి.

జవాబు 2:
పీటీటీ నొక్కి ఒక సెకను ఆగి కాల్‌సైన్ చెప్పండి, లేకపోతే మొదటి అక్షరాలు తెగుతాయి. వదిలాక రిపీటర్ క్యారియర్ (మాట లేని ఖాళీ సిగ్నల్) కాసేపు నిలిస్తే అందినట్టే. లేకపోతే యాంటెన్నా చూడండి. రబ్బరు డక్‌తో (సెట్ మీదుండే పొట్టి యాంటెన్నా) ఇంట్లో కూర్చుని 5 వాట్లు పంపితే ఏం లాభం? డాబా మీద సుమారు 50 సెం.మీ. రాగి తీగ నిలువుగా, కింద నాలుగు తీగలు 45 డిగ్రీలు వంచి కట్టండి. కేబుల్ పొట్టిగా ఉంచండి. ఆర్‌జీ-58 రకం కేబుల్ ఇరవై మీటర్లు వేస్తే ఈ బ్యాండ్‌లో సగానికి పైగా పవర్ దాంట్లోనే పోతుంది.

జవాబు 3:
తమ్ముడికి పన్నెండేళ్లు నిండితే చాలు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి (లైసెన్సులో కింది మెట్టు) మోర్స్ లేదు. పై మెట్టు జనరల్‌కి మోర్స్‌లో నిమిషానికి 8 పదాలు పంపాలి, రాసుకోవాలి. దరఖాస్తు ప్రభుత్వ సరళ్ సంచార్ పోర్టల్‌లో. ఓమ్ సూత్రం, రెజొనెన్స్ బాగా చదివి క్యూ కోడ్లు (క్యూతో మొదలయ్యే మూడక్షరాల సంకేతాలు), నియమాలు వదిలేస్తారు కొందరు. రెండు విభాగాల్లోనూ విడివిడిగా గట్టెక్కాలి. పాసైతే లైసెన్సు వచ్చినట్టు కాదు, దానికి మళ్లీ దరఖాస్తు పెట్టాలి. కాల్‌సైన్ చేతికొచ్చేదాకా పీటీటీ ముట్టుకోవద్దనండి.

ప్రశ్న అడిగినవారు:
టోన్ పెట్టాక రిపీటర్ తెరుచుకుంది, థాంక్సండీ. గొంతు మరీ సన్నగా వస్తోందంటున్నారు.

జవాబు 1:
మెనూ 5 (సిగ్నల్ వెడల్పు) నారోలో ఉండుంటుంది, వైడ్ చెయ్యండి.