తిప్పతీగ సారం: లుకేమియా కణాలు తగ్గితే రోగనిరోధక శక్తి పెరిగినట్టేనా?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని, నల్లగొండ):
నమస్కారం. ప్రాజెక్టు కోసం దేవరకొండ వైపు వేపచెట్లకు పాకిన తిప్పతీగ కాండాన్ని సేకరించి, నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, మిథనాల్‌తో సారం తీశాము. యాంటీఆక్సిడెంట్ గుణాన్ని పరీక్షించే డీపీపీహెచ్ అనే రసాయన ద్రావణంలో కలపగానే ఊదారంగు విరిగి పసుపు తేలింది. 517 నానోమీటర్ల దగ్గర కొలిచినప్పుడు కూడా యాంటీఆక్సిడెంట్ గుణం బాగానే కనిపించింది. జుర్కాట్ అనే లుకేమియా (రక్త క్యాన్సర్) కణాలపై ఎంటీటీ పరీక్ష (బతికిన కణాలు ఎంటీటీ అనే రంగు పదార్థాన్ని ఊదాగా మార్చేది) చేస్తే, మోతాదు పెంచేకొద్దీ బతికిన కణాలు తగ్గాయి. "రోగనిరోధక శక్తిని పెంచి క్యాన్సర్‌ను అణచే సారం" అని శీర్షిక పెట్టవచ్చునా? మా పెదనాన్నగారు కీమోథెరపీలో ఉన్నారు. ఈ ఫలితం విన్నప్పటి నుంచి రోజూ తిప్పతీగ కషాయం కాచి ఇస్తానని పెద్దమ్మ పట్టుబడుతున్నారు.

జవాబు 1 (కణ జీవశాస్త్ర పరిశోధకుడు, హైదరాబాద్):
ఆ శీర్షిక నిలవదు. జుర్కాట్ అనేది టీ-కణ లుకేమియా ఉన్న బాలుడి రక్తం నుంచి వచ్చిన కణశ్రేణి. పుట్టుక రీత్యా రోగనిరోధక కణమే అయినా అది క్యాన్సర్ కణం కాబట్టి, అది చావడం విషగుణాన్ని చూపుతుందే తప్ప రోగనిరోధక శక్తి పెరిగిందని చెప్పదు. ఆరోగ్యవంతుల రక్తాన్ని 1.077 సాంద్రత గల ఫైకాల్ (రక్తకణాలను వేరుచేసే ద్రవం) మీద పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, ప్లాస్మా కింద పలుచని తెల్లని పొర తేలుతుంది. అందులోని లింఫోసైట్లకు (రోగనిరోధక తెల్ల రక్తకణాలకు) అవే మోతాదులు ఇచ్చి, జుర్కాట్, లింఫోసైట్ల ఐసీ50 (బతికిన కణాలను సగానికి తగ్గించే మోతాదు) విలువల నిష్పత్తి చూడండి. అయితే విశ్రాంతిలో ఉన్న లింఫోసైట్లు విభజన చెందవు, ఎంటీటీని కూడా అంతగా మార్చవు. విభజననే దెబ్బతీసే పదార్థమైతే వాటిని వదిలేసి, మీకు లేనిపోని ఆశ కల్పిస్తుంది. అందుకే పీహెచ్ఏతో (లింఫోసైట్లను విభజనకు పురికొల్పే పదార్థంతో) ఉత్తేజపరిచిన లింఫోసైట్లను కూడా పక్కనే పెట్టాలి. ఇంకొకటి, మొక్కల్లోని పాలీఫినాల్స్ అనే యాంటీఆక్సిడెంట్ పదార్థాలు కణాలు లేకపోయినా ఎంటీటీని ఊదారంగుకు మార్చగలవు కనుక, సారం మాత్రమే ఉన్న గుంటలు, ద్రావకం మాత్రమే ఇచ్చిన కణాల గుంటలు ప్రతి ప్లేటులో తప్పనిసరి.

జవాబు 2 (వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, మహబూబ్‌నగర్):
అమ్మాయీ, మీరు పరీక్షించినదీ మీ పెద్దమ్మగారు కాచేదీ ఒకటి కాదు. మాక్రోఫేజ్‌లను (సూక్ష్మజీవులను మింగే రోగనిరోధక కణాలను) ఉత్తేజపరుస్తాయని చెప్పే తిప్పతీగ పాలీశాకరైడ్లు (పెద్ద చక్కెర అణువులు) నీటిలో కరుగుతాయి, మిథనాల్‌లోకి దాదాపుగా రావు. నీటి సారంతో పనిచేసేటప్పుడు మరొక చిక్కు ఉంది: కాండాన్ని అంటుకున్న బ్యాక్టీరియా ఎండోటాక్సిన్ (వాటి కణకవచంలోని విషపదార్థం) మామూలు మరుగుకు నశించదు, అది ఒక్కటే మాక్రోఫేజ్‌లను రెచ్చగొట్టగలదు. ఎండోటాక్సిన్ ఉందో లేదో పరీక్షించకుండా ఘనతంతా మొక్కకు కట్టబెట్టే వ్యాసాలు నాకు తరచుగా కనిపిస్తుంటాయి. మొక్కను తర్వాత సరిచూసుకునేందుకు హెర్బేరియం నమూనా (ఆరబెట్టి అతికించిన మొక్క) కూడా భద్రపరచండి.

జవాబు 3 (ఆసుపత్రి ఫార్మసిస్టు, సూర్యాపేట):
కషాయం మాత్రం ఇప్పుడు ఆపించండి. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ప్రచురించారు. మొక్కను తప్పుగా గుర్తించి ఉండవచ్చని ఆయుష్ శాఖ అభ్యంతరం చెప్పినా, అనేక కీమో మందులు కాలేయం ద్వారానే విచ్ఛిన్నమవుతాయి కాబట్టి ఆ వివాదం తేలేదాకా పెదనాన్నగారి మీద ప్రయోగం వద్దు. యాంటీఆక్సిడెంట్ అయినంత మాత్రాన మేలే జరుగుతుందనుకోవడం కూడా సరికాదు: 1994లో వెలువడిన ఫిన్లాండ్ అధ్యయనంలో, పొగతాగే 29,133 మంది పురుషులలో బీటా-కెరోటిన్ తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. మొక్క నుంచి మందు రాదని కాదు: మన పెరళ్ళలోని బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు అమెరికాలో 1963 నుంచి అనుమతి పొందినదే. అది పనిచేసేది కణ విభజనను ఆపి, అదీ శుద్ధిచేసి మిల్లీగ్రాముల లెక్కన సిరలోకి ఎక్కిస్తేనే. ఇప్పటికే కషాయం తాగి ఉంటే, ఎంత తాగారో వచ్చే కీమో సైకిల్‌కు (విడతకు) ముందే ఆంకాలజిస్టుకు (క్యాన్సర్ వైద్యుడికి) చెప్పండి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. శీర్షికను "జుర్కాట్ కణాలపై తిప్పతీగ మిథనాల్ సారం విషప్రభావం" అని మారుస్తాను. లింఫోసైట్ల కోసం తోటి విద్యార్థుల రక్తం తీసుకోవాలన్నా ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలా?

జవాబు 1:
కావాలి. దాతల లిఖితపూర్వక సమ్మతి కూడా కావాలి.