కప్ కేకు మీది ‘ఐసింగ్’ను తెలుగులో ఏమని రాయాలి?

ప్రశ్న (చిత్తూరు నుంచి):
మా వీధిలోని ఆడవాళ్లకు ఇంట్లో చేసుకొనే కప్ కేకుల అలంకరణ నేర్పడానికి తెలుగులో రెండు పుటల కరపత్రం రాస్తున్నాను. కేకు మీద అలంకరణకు వేసే తీపి క్రీము, అదే ‘ఐసింగ్’ అనే చోట ‘చక్కెర పాకం’ అని రాయమని ఒకరు, ‘పూత’ అని రాయమని మరొకరు చెబుతున్నారు. నాజిల్ (క్రీము బయటికి వచ్చే మొన), పైపింగ్ బ్యాగు (క్రీము నింపి ఒత్తే సంచి) వంటి పనిముట్లకు కూడా తెలుగు మాటలు పెట్టవచ్చునా? పెద్దలు దయచేసి తెలుపగలరు.

జవాబు (తిరుపతి నుంచి):
అమ్మా, ‘పాకం’ అన్న మాటను మాత్రం ఆ కరపత్రంలోకి రానివ్వకండి. మన వంటింట్లో పాకం అంటే పొయ్యి మీద కాగిన చక్కెరో బెల్లమో. లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం అని మనం చెప్పుకొనే మెట్లన్నీ కాగడాన్ని బట్టి వచ్చినవే. బటర్, చక్కెర పొడి కలిపి గిలకొట్టి చేసే బటర్ క్రీములో పడే చక్కెర పొయ్యి ముఖం చూడదు కాబట్టి, ఆ మాట చదివినవారు మొదట గిన్నెడు నీళ్లు పెట్టి పొయ్యి వెలిగిస్తారు. ఉడికిన పాకాన్ని గుడ్డు తెల్లసొనలో పోస్తూ గిలకొట్టే ఇటాలియన్ పద్ధతి ఒకటి ఉంది గాని, కొత్తగా నేర్చుకొనేవారికి దాని జోలి అక్కర్లేదు.

‘పూత’ మంచి మాటే, కాని సగం పనికే సరిపోతుంది. గోరువెచ్చగా పోస్తే తనంతట తాను పరుచుకొనే చాక్లెట్ గనాషును (చాక్లెట్‌ను క్రీముతో కలిపి చేసేది) పూత అనడంలో తప్పులేదు. నాజిల్ గుండా ఒత్తితే సుడులు తిరిగి నిలబడవలసిన క్రీమును పూత అంటే మాత్రం చదివేవారు దాన్ని చాకుతో పలచగా రాసి ఊరుకుంటారు. మన బేకరీలవారు అన్నిటినీ ‘క్రీమ్’ అనే అంటారు, విప్పింగ్ క్రీముతో చేసి ఫ్రిజ్జులో ఉంచి అమ్మేదాన్ని ‘కూల్ కేక్’ అంటారు. అందుచేత మొత్తానికి ‘ఐసింగ్’ అనే పేరునే ఉంచి, దాని చిక్కదనాన్ని మన మాటల్లో చెప్పండి: ‘గరిటె ఎత్తితే కొన వంగిపోవాలి’ అంటే పైన పూసుకోవడానికి, ‘కొన నిటారుగా నిలవాలి’ అంటే పువ్వులు ఒత్తడానికి. పని చేసే చేతికి కావలసిన గుర్తు ఇదే.

నా దృష్టిలో అసలు చిక్కు సరుకుల పేర్లలో ఉంది. మీరు ‘వెన్న’ అని రాస్తే మనవాళ్లు ఇంట్లో చిలికి తీసిన వెన్ననే తెస్తారు. అందులో నీరు, మజ్జిగ పులుపు మిగిలి ఉంటాయి కాబట్టి క్రీము పలచబడి విడిపోతుంది. ‘ఉప్పులేని బటర్’ అని విడమరచి రాయండి. అలాగే ‘చక్కెర పొడి’ అంటే మిక్సీలో ఆడించినది అనుకుంటారు, అది నాలుకకు బరకగా తగలడమే కాక, పలుకులు సన్నని నాజిల్‌కు అడ్డుపడతాయి. అంగడిలో దొరికే ఐసింగ్ షుగర్‌లో గడ్డకట్టకుండా కొంత మొక్కజొన్న పిండి కలిపి ఉంటుంది. అది దొరకనివారికి ‘వస్త్రగాళితం పట్టిన (పలుచని బట్టలో జల్లించిన) చక్కెర పొడి’ అని రాస్తే, ఆ పాత మాట ఒక్కటే చెప్పవలసినదంతా చెబుతుంది. పాళ్లు మామూలుగా 100 గ్రాముల బటర్‌కు 200 గ్రాముల ఐసింగ్ షుగర్, చిక్కదనం సరిచేయడానికి ఒకటి రెండు చెంచాల పాలు.

ఊరి వాతావరణాన్ని కూడా ఒక వాక్యంలో చేర్చండి. బటర్ సుమారు 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, మన తిరుపతిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి ఆ రోజుల్లో రెండు వంతుల డార్క్ చాక్లెట్‌కు ఒక వంతు క్రీము కలిపి చల్లార్చిన గట్టి గనాష్ నయం. గుడ్డు తెల్లసొన, ఐసింగ్ షుగర్ కలిపి చేసే రాయల్ ఐసింగ్ ఎండితే రాయిలా బిగుస్తుంది, మెత్తని కప్ కేకు మీద అంతా అదే వేయడం నాకు నచ్చదు. ముందుగా చిన్న పువ్వులు చేసి ఆరబెట్టుకోవడానికి సరిపోతుంది.

మరొక సభ్యుడు:
నాజిల్‌కు ‘పాళీ’ అనవచ్చు గదా? కలం పాళీ కూడా సిరాను ధారగా వదిలేదే. కప్ కేకును ‘గుంత కేకు’ అంటే గుంత పొంగనాలు తినే మనకు ఇట్టే తెలుస్తుంది.

జవాబు:
‘గుంత కేకు’కు నవ్వుకున్నాను, వేడుకకు బాగుంది, కరపత్రానికి వద్దండి. ‘పాళీ’ పేర్లు రాసే సన్నని గుండ్రటి నాజిల్‌కు అందంగా కుదురుతుంది. పళ్లు పళ్లుగా ఉండే నక్షత్రపు నాజిల్‌కు కుదరదు. పైగా అంగడికి వెళ్లి ‘పాళీ’ అని అడిగితే ఎవరూ ఇవ్వరు, పెద్ద నక్షత్రపు నాజిల్‌ను ‘వన్ ఎం నాజిల్’ అంటేనే ఇస్తారు. కొనవలసిన వస్తువుకు అంగడి పేరు, చేయవలసిన పనికి ఇంటి మాట ఉండాలన్నది నా లెక్క. మొదటిసారికి ఆ పెద్ద నక్షత్రపు నాజిల్ ఒకటి, రాతకు సన్ననిది ఒకటి, వాడి పారేసే బ్యాగులు కొన్ని ఉంటే చాలు. తిరిగే బల్ల పెద్ద కేకులకే గాని కప్ కేకులకు అవసరం లేదు. బ్యాగు లేనివారు బటర్ పేపరును గోరింటాకు కోన్ చుట్టినట్టు చుట్టుకోవచ్చు, మన ఆడపిల్లలకు ఆ పట్టు చేతిలో ఉన్నదే.

క్రియలకు తెలుగులో లోటు లేదు. ‘పైపింగ్ చేయాలి’ అని రాయకుండా, మురుకులకు వాడే ‘ఒత్తడం’ అనే మాటనే వాడండి. ఉదాహరణకు ఇలా: ‘కేకు పూర్తిగా చల్లారిన తరువాత, సగం వరకే నింపిన బ్యాగును పైన మెలిపెట్టి పట్టుకొని, అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి సుడి తిప్పుతూ పైకి ఒత్తుకుంటూ పోవాలి, గులాబీ కావాలంటే నడిమి నుంచి మొదలుపెట్టి బయటికి తిప్పాలి, ఆపే ముందు ఒత్తడం మానేసి, ఆ తరువాతనే నాజిల్ పైకి ఎత్తాలి.’